ఎడమచేతి సుద్దగీత

మా పిన్ని ఒక్క పూటలో కత్తెర పట్టడం నేర్చుకుందని మా వీధంతా చెప్పుకుంటారు. కటింగ్ మాస్టరు పని మానేసి వెళ్తూ వెళ్తూ తన కత్తెర ఆమె చేతిలో పెట్టాడట. అంతవరకూ చేతిరుమాలైనా కోసి ఎరగని మనిషి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఎనభై గౌన్లు మధ్యాహ్నం భోజనాల వేళకి కోసి పారేసిందట. ఒక్క సుద్దగీత కూడా గీయలేదట. అది చూసి కొత్తగా వచ్చిన కటింగ్ ఆయన మెడలో టేపు తీయకుండానే మెట్లు దిగి పారిపోయాడట.

ఈ కథను పుట్టించింది మా షాపులో ఇస్త్రీ చేసే అత్త. ఆ రోజు ఆమె అక్కడే ఉంది. జరిగిందంతా మూడు గజాల దూరం నుంచి, ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే చూసింది. అయినా ఇలాగే చెబుతుంది. నేను పక్కన కూర్చుని ఉన్నా చెబుతుంది. అలా జరగలేదు కదత్తా అని ఒకసారి గొణిగితే, కథన్నాక కాస్త ఉప్పూ కారం ఉండాలి, నువ్వూరుకో పిల్లా అంది. మా ఇంటి కింద రొట్టెల కొట్టు ఆవిడ నోటికి వచ్చేసరికి ఎనభై గౌన్లు నూట ఇరవై అయ్యాయి. ఆ కొట్లో రొట్టె కొన్నవాళ్లంతా కథ కూడా పొట్లం కట్టించుకుని వెళ్లారు.

నేను నలుగురిలో నోరు విప్పే రకం కాదు. మెట్ల మీద ఎవరైనా ఆపి అడిగితే తల ఊపి తప్పుకుంటాను. కానీ ఒక్క పూటలో అన్న మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. ఆ ఒక్క పూట రావడానికి నేను ఆరేళ్లు తల బాదుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పిన్ని అంటే అమ్మకి స్వయానా చెల్లెలు. అమ్మ మంచం పట్టినప్పుడు నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ పోయాక పిన్ని వచ్చి, నా బట్టల సంచి తన భుజానికి తగిలించుకుని, ఇంకో మాట లేకుండా నన్ను తీసుకొచ్చేసింది. మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. మూడు వీధుల అవతల మేం పనిచేసే కుట్టుషాపు. ముందు గుడ్డల దుకాణం, వెనక పొడుగాటి హాలు. హాల్లో ఒక గోడ వెంబడి ఆరు మిషన్లు, మధ్యలో కటింగ్ బల్ల, కిటికీ దగ్గర ఇస్త్రీ బల్ల, దాని పక్క మూలలో స్టూలు మీద నేను. కాజాలు, గుండీలు, అంచులకి చేతికుట్టు నా పని.

పిన్ని పని గీత. మాస్టరు కొలతలు చదువుతుంటే ఆమె గుడ్డ మీద సుద్దతో గీస్తుంది. ఆ గీత వెంట మాస్టరు కోస్తాడు. పదహారేళ్లు ఇదే పని. చంక వంపు గీయడానికి అందరూ అట్ట ముక్క పెట్టుకుంటారు. ఆమెకి అక్కర్లేదు. ఎడమచేత్తో సుద్ద పట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగితే, అంతే. నేను కోసేదేముంది, ఈవిడ గీత మీద కత్తెర దానంతటదే నడిచిపోతుంది అని మాస్టరు చాలాసార్లు అన్నాడు.

ఆమెకి తెలియనిదంటూ లేదు. ఏ గుడ్డ ఉతికితే ఎంత కుదించుకుంటుందో, వంగిన వీపుకి వెనక ముక్క ఎంత దింపాలో, ఒక భుజం కిందికి జారి ఉన్న మనిషికి ఆ సంగతి కనిపించకుండా కోటు ఎలా గీయాలో, అన్నీ కొట్టిన పిండి. తెలిసిందంతా నోటు పుస్తకాల్లో రాసుకుంటుంది. నేను వచ్చేసరికి నాలుగు పుస్తకాలు నిండాయి. తర్వాత ఆరు అయ్యాయి. అన్నిట్లో బొమ్మలు, బాణాలు, కొలతలు. ఆ కొలతలతో ఒక్క గుడ్డ ముక్కనైనా ఆమె తన చేత్తో కోసింది లేదు.

ఇంట్లోనూ ఇదే వరస. వంటింటి కుళాయి కారుతుంది. వాషరు అరిగిపోయిందని నేను వచ్చిన మొదటి వారమే చెప్పింది. ఏ సైజు కావాలో, ఎక్కడ దొరుకుతుందో, పానా ఎటు తిప్పాలో అరటిపండు ఒలిచినట్టు వివరించింది. విని నాకు ముచ్చటేసింది. ఆ కుళాయి కింద బకెట్టు ఆరేళ్లు ఉంది. నేను మారుస్తానంటే, "ఉండవే, ముందు పైన వాల్వు సంగతి తేలాలి. ఇంకొంచెం చూద్దాం" అనేది. వీధి తలుపు కిర్రుమంటుంది. దానికోసమని ఒక ఏడాది మిషను నూనె సీసా కొని తెచ్చింది. మా ఇంట్లో మిషను లేదు. సీసా అయిపోయేది, ఇంకోటి కొనేది. తలుపు మాత్రం కిర్రుమంటూనే ఉండేది. ఇదేంటి పిన్నీ అంటే, వేస్తూనే ఉన్నాను, పాత కీళ్లు కదా తాగేస్తున్నాయి అనేది. నేను నమ్మాను.

ఇంకొంచెం చూద్దాం. ఆ మాట వింటే చాలు, నాకు చేతిలో సూది ఎక్కడైనా గుచ్చాలనిపించేది.

కత్తెర సంగతి ఒకసారి తనే చెప్పింది. షాపులో చేరిన మొదటి ఏడే, మాస్టరు భోజనానికి వెళ్లినప్పుడు, ఆయన కత్తెర తీసుకుని లైనింగు గుడ్డ ఒకటి కోసి చూసిందట. కత్తెరలన్నీ కుడిచేతి వాళ్ల కోసం చేసినవే. వాటిని ఎడమచేత్తో పట్టుకుంటే పై బ్లేడు వచ్చి సరిగ్గా గీత మీద కూర్చుంటుంది, గీత కనపడదు. పైగా నొక్కినకొద్దీ బ్లేడులు రెండూ విడిపోయి, వాటి మధ్య గుడ్డ మడతపడి నలుగుతుంది. లైనింగు ఎలుకలు కొరికినట్టయింది. మాస్టరు వచ్చి చూసి ఏమీ తిట్టలేదు. నీ చేతికి సుద్దే బావుందమ్మా అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మెత్తగా అన్నాడు కనక పిన్ని దాన్ని శాసనంలా పట్టుకుని కూర్చుంది.

ఎడమచేతి వాళ్లకి వేరే కత్తెరలు ఉంటాయని నేను వచ్చిన రెండో ఏడు ఆమెకి తెలిసింది. బ్లేడులు అటుదిటూ ఇటుదటూ ఉంటాయి. పుస్తకంలో బొమ్మ వేసుకుంది. పనిముట్ల కొట్టాయనకి చెబితే ఆయన ఎక్కడినుంచో ఒకటి తెప్పించి అద్దాల పెట్టెలో పెట్టాడు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. చేతిలోకి తీసుకుని గాలిలో రెండుసార్లు ఆడించింది. ముఖం వెలిగింది. తర్వాత జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఆలోచించుకుని వస్తాం అంది. వచ్చే నెల మళ్లీ వెళ్లాం, బరువెక్కువేమో అంది. ఆ పై నెల, మాస్టరు బాధపడతాడేమో అంది. నాలుగోసారి, కొన్నాక ఏ గుడ్డ మీద నేర్చుకోవాలో ముందు తేల్చుకోవాలి అంది. ఆ నాలుగోసారికి కొట్టాయన మమ్మల్ని చూసి పెట్టె తెరవలేదు, కుర్చీలు చూపించాడు.

తర్వాత ఆమె అటు వెళ్లడం మానేసింది. కొన్నాళ్లకి నేను ఆ కొట్టు ముందు నుంచి వస్తూ చూస్తే అద్దాల పెట్టెలో కత్తెర లేదు. ఇంటికొచ్చి చెప్పాను. ఎవరో కొనుక్కుపోయి ఉంటారే అంది, గిన్నె తోముతూ, తల తిప్పకుండా. ఆ రోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమెకి ఆ తేడా తెలిసిందో లేదో. నేను మామూలు రోజుల్లోనూ పెద్దగా మాట్లాడను.

ఈ ఏడాది మొదట్లో మాస్టరుకి మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. బల్ల ముందు రోజంతా నిలబడలేనని, కూతురి దగ్గరికి వెళ్లిపోతానని చెప్పాడు. ఆఖరి రోజు తన కత్తెర శుభ్రంగా తుడిచి, తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు. మా వీధి వాళ్లు ఎవరి చేతిలో పెట్టించినా సరే, ఆ కత్తెర ఆ సంచిలోనే ఆయనతో వెళ్లిపోయింది. వెళ్లే ముందు మాత్రం బల్ల దగ్గర ఆగి అడిగాడు.

"ఏమ్మా, ఈ బల్ల నువ్వు చూసుకుంటావా? షాపాయనకి నేను చెబుతాను."

హాల్లో మిషన్లు నడుస్తున్నా నాకు ఆ మాట వినబడింది. పిన్ని చేతిలో సుద్దని అటూ ఇటూ తిప్పింది.

"ఇంకొంచెం చూద్దాం మాస్టరుగారూ."

నా సూది నా వేలికే దిగింది.

వారం తిరక్కుండా షాపాయన ఇంకొకాయన్ని పట్టుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చురుకైన మనిషి, మెడలో టేపు, జేబులో సొంత సుద్ద. కొత్తాయన అనేవాళ్లం. అప్పుడే ఒక కాలేజీ వాళ్లు, పట్టాలిచ్చే రోజున పిల్లలు వేసుకునే నల్ల గౌన్లు ఎనభై కావాలన్నారు. పదిహేను రోజుల గడువు. ఈ గౌన్లు బాగా వస్తే బల్ల నీదేనని షాపాయన కొత్తాయనతో అందరి ముందూ అన్నాడు. కొత్తాయన తన గీత తనే గీసుకుంటాడు. ఇంకొకరి గీత వెంట కోయడం ఆయనకి అలవాటు లేదు. అందుకని పిన్నిని గౌన్లు అయ్యేదాకా నా పక్కన గుండీలు కుట్టమన్నారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అన్నాడు షాపాయన.

ఆ తర్వాత ఏముంటుందో అందరికీ తెలుసు. గుండీల పని ఒక మనిషికే సరిగ్గా చాలదు. బల్ల కొత్తాయనదైతే, మూలలో స్టూలు ఒకరికే. నన్ను లేపి ఆమె కూర్చోదు. ఇంట్లో కూర్చుంటుంది, ఏడో పుస్తకం రాసుకుంటూ.

ఇస్త్రీ అత్త మొదటి రోజే అందుకుంది. "ఏం వదినా, గుండీకి నాలుగు కన్నాలే, చాలా తేలిక. అవి కూడా గీసుకుని కుడతావా?"

పిన్ని నవ్వి ఊరుకుంది. నేను ఉడికిపోయాను.

మధ్యాహ్నానికి కొత్తాయన నల్లగుడ్డ తాను విప్పి పరిచి, గీసి, కోయడం మొదలుపెట్టాడు. పిన్ని ఒక కన్ను గుండీ మీద, ఒక కన్ను బల్ల మీద పెట్టి చూస్తోంది. కాసేపటికి పెదాలు కదపకుండా, ముక్కలు తిరగేసి పెడుతున్నాడే అంది నాతో. ఆ నల్లగుడ్డకి మెరుపు ఉంది. పిల్లి వీపులాగే, పైనుంచి కిందికి నిమిరితే ఒకలా, కింది నుంచి పైకి నిమిరితే ఇంకోలా ఉంటుంది. గౌనులో ముక్కలన్నీ ఒకే దిక్కుగా ఉండాలి. గుడ్డ కలిసొస్తుందని కొత్తాయన ఎడమ ముక్కని నిలువుగా, కుడి ముక్కని తలకిందులుగా పెట్టి, ఒకదాని ఖాళీలో ఒకటి సర్ది కోస్తున్నాడు. మామూలు గుడ్డకి అందరూ చేసే పనే. ఈ గుడ్డకి పనికిరాదు. బల్ల మీద ఉన్నప్పుడు ఏమీ తెలియదు. కుట్టి, వెలుతురులో వేలాడదీస్తే, సగం నల్లగా సగం బూడిదగా కనిపిస్తుంది.

మరి వెళ్లి చెప్పు పిన్నీ అన్నాను.

"కొత్తమనిషి. మొదటి రోజే తప్పు పడితే ఏం బావుంటుంది. ఇంకొంచెం చూద్దాం."

ఆ రోజు చూసింది. మర్నాడు చూసింది. మూడో రోజు కూడా చూసింది. కోసిన ముక్కలు మిషన్ల మీదికి వెళ్లాయి. కుట్టిన గౌన్లు మా దగ్గరికే వచ్చాయి. తలకిందులుగా ఉందని తనకి తెలిసిన గౌనుకి తనే కూర్చుని, నీటుగా, వరసగా గుండీలు కుట్టింది. పక్కన కూర్చుని అది చూడడం ఎంత నరకమో ఎవరికి చెప్పను.

మూడో రోజు సాయంత్రం ఇంటికి రాగానే నాకు ఆగలేదు. కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది. అది పారబోస్తూ అడిగాను.

"ఆరు పుస్తకాలు రాశావు పిన్నీ. ఎవరు చదవడానికి?"

ఆమె మంచం మీద కూర్చుని, అరచేతులు చూసుకుంటూ అంది. "సుద్దయితే దులిపేసి మళ్లీ గీయొచ్చే. ఒకసారి కోశాక అతకదు."

బకెట్టు తీసుకెళ్లి మళ్లీ కుళాయి కింద పెట్టాను, కాస్త గట్టిగానే.

నాలుగో రోజు పొద్దున్న పన్నెండు గౌన్లు తయారై, కిటికీ దగ్గర కర్రకి వరసగా వేలాడుతున్నాయి. ఎలా వచ్చాయో చూసిపోదామని కాలేజీ ఆవిడ వచ్చింది. ఎండ సరిగ్గా కిటికీలోంచి పడుతోంది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఇవి రెండు రంగుల గౌన్లా అని అడిగింది. మేం అడిగింది నలుపు అంది. ఒకే నలుపులో వస్తేనే తీసుకుంటాం, లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఇంకో చోట చూసుకుంటాం, రేపు పొద్దున మళ్లీ వస్తాను అని వెళ్లిపోయింది.

షాపాయన ముఖం కత్తివేటుకి నెత్తురుచుక్క లేనట్టుంది. కొత్తాయన గౌను పట్టుకుని చూసి, గుడ్డకి రంగు సరిగ్గా పట్టలేదు, తాను మొత్తం తిప్పి పంపేద్దాం అన్నాడు. అబద్ధమాడడం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. తాను తిప్పి పంపితే కొత్తది వచ్చేసరికి గడువు దాటిపోతుంది. అయినా షాపాయన గుడ్డ పంపినవాళ్లని కడిగేద్దామని ఫోను అందుకున్నాడు.

నా పక్కన పిన్ని వంగి, చేతిలో గుండీతో చెబుతోంది. "రంగు కాదు, దిక్కు."

గుండీతో. హాలు నిండా మనుషులుంటే గుండీతో చెబుతోంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. ఒళ్లోని దారపు రీళ్లు దొర్లిపోయాయి. ఆరేళ్లలో ఆ హాల్లో నేను గొంతెత్తింది లేదు, అందుకని గొంతు బొంగురుగా వచ్చింది.

"గుడ్డలో తప్పు లేదు సార్. ముక్కలు తిరగబడ్డాయి. పిన్నికి మొదటి రోజే తెలుసు. మిగతావి పిన్ని కోస్తుంది."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇస్త్రీ అత్త పెట్టెను పక్కన పెట్టింది. పిన్ని తలెత్తకుండానే, నిన్నెవరడిగారే అంది, నాకు మాత్రమే వినబడేలా. షాపాయన ఫోను కింద పెట్టాడు.

"మొదటి రోజే తెలిస్తే నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావమ్మా?"

ఇక పిన్నికి లేవక తప్పలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి, ఒక గౌను మీద షాపాయన చెయ్యి వేయించి పైనుంచి కిందికి రాయించింది. తర్వాత పక్క సగం మీద. కొత్తాయన కూడా వచ్చి రాసి చూశాడు. రెండోసారి రాశాక తనే ఇంకో గౌను అందుకుని దాన్నీ రాసి చూశాడు. నోరంటూ తెరిచాక పిన్నికి మాటలు వాటంతటవే వచ్చాయి. ఈ గుడ్డకి రెండు వైపులా ఒకటే నేత, కుడి ముక్కని తిరగేస్తే ఎడమ ముక్కవుతుంది, కాబట్టి ఈ పన్నెండూ విప్పేసి, నిలువు ముక్కల్ని నిలువు వాటితో, తలకిందుల వాటిని తలకిందుల వాటితో జత కడితే పన్నెండుకి పన్నెండూ బతుకుతాయి అంది. అందరం వింటున్నాం. నా మనసులో మాత్రం, ఈ ముక్క కుట్టకముందు చెప్పి ఉంటే విప్పే పని తప్పేది కదా అనే ఉంది. విప్పాల్సింది నేనే మరి.

అప్పుడు కొత్తాయన న్యాయమైన మాటే అడిగాడు. అన్నీ ఒకే దిక్కుగా పెడితే మిగతా అరవై ఎనిమిదికీ గుడ్డ చాలదు కదా అని. చాలుతుంది, చేతుల ముక్కలు ఇలా ఒరిగించి పెడితే చాలుతుంది, పుస్తకంలో వేసి చూశాను అంది పిన్ని. బల్ల మీద గీసి చూపించింది. ఆయన గీత వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తన కత్తెర తీసి, పిడి ఆమె వైపు తిప్పి చాపాడు.

"అయితే మీరే కోసి చూపించండమ్మా."

వెటకారమో, నిజంగానే అన్నాడో తెలియలేదు. పిన్ని ఆ కత్తెర వైపు చూసి చెయ్యి చాపలేదు. దాంతో నా చెయ్యి నడవదు అంది. అదిగో మళ్లీ మొదలు అంది ఇస్త్రీ అత్త. నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది, ఇంకొంచెం చూద్దాం అంటుంది, అందరం కలిసి చూస్తాం అనుకున్నాను.

"ఒసే." పిన్ని నన్ను పిలుస్తోంది. "ఇంటికెళ్లు. బీరువా కింది అరలో, దుప్పట్ల వెనక ఒక మూట ఉంటుంది. పట్రా."

మూడు వీధులూ దాదాపు పరిగెత్తాను. తలుపు కిర్రుమంది. బీరువా ముందు కూర్చుని దుప్పట్లు లాగితే, వాటి వెనక, పాత పేపర్లో చుట్టి, కొలత టేపుతో కట్టిన మూట. చేతిలోకి తీసుకోగానే ఆ బరువు తెలిసింది. విప్పక్కర్లేదు. కొట్లో మూడుసార్లు ఆమె చేతిలో చూసిన బరువే. ఎవరో కొనుక్కుపోయారన్నదీ నిజమే. తిట్టుకోవాలో నవ్వుకోవాలో తెలియక నేల మీదే రెండూ చేసి, మూట గుండెకి పట్టుకుని వెనక్కి పరిగెత్తాను.

పిన్ని బల్ల మీద మూట విప్పింది. అప్పటికే గుడ్డ పరిచి మొదటి గౌను గీసి పెట్టుకుంది. కత్తెర ఎడమచేతికి తొడుక్కుని, అంచు దగ్గర బ్లేడు ఆనించింది. అంతే, ఆగిపోయింది. షాపాయన ఓపిక చచ్చి, కోస్తావా, ఫొటోకి నిలబడ్డావా అన్నాడు. ఆమె కత్తెర కింద పెట్టింది. భుజం గీత ఇంకోసారి చూసుకుంటాను, సుద్ద ఏదీ అని బల్ల అంతా తడిమింది.

సుద్ద నా గుప్పెట్లో ఉంది. బల్ల మీద మూట పెట్టినప్పుడే తీసేశాను.

నా గుప్పెట చూసింది. పచ్చిగా మింగేసేలా చూసింది. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఇక చేసేదేమీ లేక కత్తెర మళ్లీ తీసుకుని, నొక్కింది. నల్లగుడ్డ కరకరమంటూ రెండుగా విడిపోసాగింది. నాలుగు వేళ్ల దూరం పోయాక ఆగి, బ్లేడు పక్కకి వంగి చూసి, నెమ్మదిగా అంది.

"గీత కనిపిస్తోందే."

పదహారేళ్లుగా తను గీసిన గీతని, తనే కోస్తూ ఆమె చూడడం అదే మొదటిసారి.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక్క గౌను కోసింది. సాయంత్రానికి మూడయ్యాయి. అందులో ఒక చెయ్యి వేలెడు పొట్టిదైంది. పొట్టి పిల్లలు కూడా చదువుకుంటారు కదా అని షాపాయనే అన్నాడు. మర్నాడు కాలేజీ ఆవిడ వచ్చి ఎండలో తిప్పి చూసి, ఇలా అయితే సరే అంది. అరవై ఎనిమిది కోయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ప్రతిదానికీ సుద్దగీత గీసింది, కొన్నిటికి రెండేసి సార్లు. కొత్తాయన ఏ మెట్లూ దిగి పారిపోలేదు. రెండు రోజులు బల్లకి అవతల నిలబడి గుడ్డ పట్టి సాయం చేశాడు. ఆ తర్వాత ఇంకో షాపులో పని దొరికి, చెప్పే వెళ్లాడు. వెళ్తూ ఆ చేతుల ముక్కలు ఒరిగించే పద్ధతి కాగితం మీద గీయించుకున్నాడు. బల్ల పిన్నిదైంది. స్టూలు నాకు మిగిలింది. ఆ వారంలోనే నేను వాషరు కొని తెచ్చి కుళాయి బాగుచేశాను. పది నిమిషాలు పట్టింది. సైజు తప్పు తెచ్చావే అంది పిన్ని. ఇప్పుడు కారడం లేదు.

వీధిలో కథ మాత్రం ఆగలేదు. మొన్న మెట్ల మీద పిన్ని ముందే ఒకావిడ మొదలుపెట్టింది, మాస్టరు కత్తెర చేతిలో పెట్టగానే మీకు ఒళ్లు జలదరించిందటగా అని. పిన్ని నవ్వి ఊరుకుంది. అలా కాదని చెప్పొచ్చుగా అన్నాను పైకి వచ్చాక. ఇంకొంచెం చూద్దాం, వాళ్లే మర్చిపోతారు అంది.

దుప్పట్లు ఎండలో వేద్దామని బీరువా సర్దుతుంటే, ఆ రోజు కత్తెరకి చుట్టిన పేపరు మళ్లీ నా చేతికి వచ్చింది. బల్ల కింద పడితే నేనే తీసి దాచాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. మడతలన్నీ విప్పీ విప్పీ చుట్టీ చుట్టీ చీలికలై ఉన్నాయి. పేపరు నిండా మిషను నూనె మరకలు, పాతవి పసుపుగా, కొత్తవి ఇంకా తడిగా. పైన మూలలో తేదీ ఉంది. గౌన్లు కోసిన రోజుకి సరిగ్గా మూడేళ్ల రెండు నెలల ముందుది.